చిట్టి ఆపరేషను

మా ఎదురింటి చిట్టికి తొమ్మిదేళ్ళు. ఈ తొమ్మిదేళ్ళలో దానికి పదకొండు సార్లు ఎముకలు విరిగాయి. చెట్టెక్కి పడిందేమో, గోడ దూకిందేమో అనుకుంటారు మీరు. అదేమీ లేదు. ఒకసారి నిద్రలో పక్కకు తిరిగితే తొడ ఎముక విరిగింది. ఒకసారి జలుబు చేసి గట్టిగా దగ్గితే పక్కటెముక చిట్లింది. మిగిలినవి కూడా ఇంచుమించు ఇట్లాంటివే.

నేను హెడ్మాస్టరుగా రిటైరైన తరవాత చందానగరులో, రైలు స్టేషనుకు దగ్గరగా ఉంటున్నాను. మా రెండిళ్ళ బాల్కనీలూ ఎదురెదురుగా ఉంటాయి. చిట్టి తన కుర్చీలో కూర్చుని లోకల్ రైళ్ళు లెక్కపెడుతూ ఉంటుంది. ఏ బండి ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో ఒక నోటు పుస్తకంలో రాసుకుంటుంది. "తాతా, ఇవాళ లింగంపల్లి బండి తొమ్మిది నిమిషాలు లేటు!" అని అక్కడినుంచే కేకవేస్తుంది. స్టేషను మాస్టరు దగ్గర కూడా ఇంత మంచి లెక్క ఉండదని నా అనుమానం.

వాళ్ళు ఆ ఇంట్లోకి వచ్చిన మొదటి రోజున చిట్టి నాకేసి చూసి నవ్వింది. నా గుండె జల్లుమన్నది. దాని కళ్ళలో తెల్లగా ఉండవలసిన భాగం లేత నీలంగా ఉన్నది. అట్లాంటి కళ్ళు నేను అంతకు ముందు ఒక్కసారే చూశాను. ఆ సంగతి చెబుతాను. ముందు ఈ జబ్బు ఏమిటో చెప్పనివ్వండి.

పిల్లలూ! మా చందానగరులో ఎటు చూసినా కొత్త మేడలు లేస్తున్నాయి. స్లాబు వేసేటప్పుడు మేస్త్రీలు ముందు ఇనుప చువ్వలు అల్లి, తరవాత వాటిమీద కాంక్రీటు పోయటం మీరు చూసే ఉంటారు. ఒట్టి కాంక్రీటు అయితే బరువు పడగానే పెళుక్కున విరుగుతుంది. ఒట్టి చువ్వలయితే వంగిపోతాయి. రెండూ కలిస్తేనే స్లాబు. మన ఎముక కూడా అంతే. అందులో సున్నపు లవణాలు కాంక్రీటు పని చేస్తాయి. చువ్వల పని చేసేది కొల్లాజెన్ అనే మాంసకృత్తు.

నేను బడిలో ఉండగా ఇది చేసి చూపించేవాణ్ణి. కోడికాలి ఎముకను శుభ్రంగా కడిగి, సీసాలో వేసి, మునిగేదాకా వెనిగరు పోసి వారం రోజులు ఉంచాలి. మధ్యలో ఒకసారి వెనిగరు మార్చాలి. అందులోని ఆమ్లం సున్నాన్ని కరిగించి లాగేస్తుంది. అప్పుడు ఎముకను తీసి చూస్తే రబ్బరు ముక్కలాగా వంగుతుంది! ఇంకొక ఎముకను నిప్పుల్లో బాగా కాల్చి చూడండి (ఇది మాత్రం పెద్దవాళ్ళు దగ్గరుండి చేయాలి). కొల్లాజెన్ మాడిపోతుంది, సున్నం మిగులుతుంది. చూడటానికి ఎముక ఆకారం అట్లాగే ఉంటుంది, కాని వేలితో నొక్కితే సుద్దముక్కలాగా పొడి అవుతుంది.

చిట్టికి లోపం చువ్వల్లో ఉన్నది. కొల్లాజెన్ మూడు పాయల జడలాగా అల్లుకుని ఉంటుంది. ఆ జడలో ప్రతి మూడో చోట గ్లైసిన్ అనే అతి చిన్న పూస ఉండాలి. అది చిన్నదిగా ఉంటేనే మూడు పాయలూ ఒకదానికొకటి దగ్గరగా పెనవేసుకుంటాయి. తల్లిదండ్రులనుంచి వచ్చే జన్యువులో ఒక్క అక్షరం తారుమారైతే ఆ చిన్న పూస ఉండవలసిన చోట పెద్ద పూస వచ్చి కూర్చుంటుంది. జడ అక్కడ ఉబ్బుతుంది, అల్లిక చెడుతుంది. కొందరిలో జడ మంచిదే అయినా సగమే తయారవుతుంది. అట్లాంటి వాళ్ళకు జబ్బు కొంచెం తేలికగా ఉంటుంది. ఒక్కొక్కప్పుడు తల్లికీ తండ్రికీ జబ్బు లేకపోయినా, ఆ తప్పు బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. చిట్టి సంగతి అట్లాంటిదే.

కంటి తెల్లగుడ్డు కూడా ఈ కొల్లాజెన్‌తోనే తయారవుతుంది. అది పలచబడితే వెనక ఉన్న నల్లని పొర ఛాయ బయటికి నీలంగా కనిపిస్తుంది. పళ్ళు, చెవిలోని బుల్లి ఎముకలు కూడా కొందరిలో బలహీనంగా ఉంటాయి. దాదాపు పదిహేను, ఇరవై వేలమందిలో ఒకరు ఈ జబ్బుతో పుడతారు. 1849లో విల్లెం వ్రోలిక్ అనే డచ్చి వైద్యుడు దీనికి ఆస్టియోజెనిసిస్ ఇంపర్ఫెక్టా అని పేరు పెట్టాడు. అంటే ఎముక సరిగా తయారు కాకపోవటం. పేరు నోరు తిరగదు గాని అర్థం సులువే.

కాబట్టి, "బిడ్డకు పాలు సరిగా పట్టలేదు, అందుకే ఇట్లా అయింది" అని చిట్టి తల్లితో అనే ఇరుగుపొరుగు అమ్మలక్కలకు నా మనవి, ఇక ఆ మాట అనకండి. చువ్వలు సరిగా లేని స్లాబుకు ఎంత సిమెంటు పోసి ఏం లాభం?

ఇక నేను చెబుతానన్న సంగతి. 1985లో నేను మెదకు జిల్లాలో ఒక పల్లెటూరి బడిలో కొత్తగా ఉద్యోగంలో చేరాను. బి.ఇడి. ప్యాసై వచ్చానని నాకు కొంచెం గర్వంగానే ఉండేది. ఆరో తరగతిలో ఒక కుర్రవాడు తరచు చేతికో కాలికో కట్టుతో వచ్చేవాడు. వట్టి అల్లరివాడనుకున్నాను. ఒకనాడు డ్రిల్లుకు అందరూ వరసలో నిలబడితే వాడు వేపచెట్టు కింద కూర్చున్నాడు. పిలిచాను. రాలేదు. నేను వెళ్ళి వాడి చెయ్యి పట్టుకుని లేవదీశాను. కొట్టలేదు, తిట్టలేదు, చెయ్యి పట్టి లాగానంతే. చిటుక్కుమని చప్పుడైంది.

వాడు ఏడవలేదు. నీలి కళ్ళతో నాకేసి చూశాడు. అంతే.

సాయంత్రం వాళ్ళ నాయన వచ్చి, "తప్పు నాదే సారూ, ముందుగాల మీకు చెప్పకపోతిని" అన్నాడు. ఆ మాట నన్ను ఇంకా బాధించింది. తరవాత ఆ పిల్లవాడు బడికి రాలేదు. మరుసటి ఏడు నాకు బదిలీ అయింది. ఆ నీలి కళ్ళకూ ఆ ఎముకలకూ సంబంధం ఉన్నదని ఎన్నో ఏళ్ళ తరవాత ఒక పుస్తకంలో చదివి తెలుసుకున్నాను.

మొన్న చలికాలంలో చిట్టి కుడి తొడ ఎముకకు ఆపరేషను నిశ్చయమైంది. ఆ ఎముక విల్లులాగా వంగిపోయింది. వంగిన చోటనే మళ్ళీ మళ్ళీ విరుగుతున్నది. అందుకని దాన్ని రెండు మూడు చోట్ల కోసి, సరిచేసి, ముక్కలన్నిటినీ కబాబు ముక్కలను చువ్వకు గుచ్చినట్టుగా ఒక లోహపు కడ్డీకి గుచ్చుతారు. ఈ పద్ధతిని సోఫీల్డు, మిల్లరు అనే ఇద్దరు అమెరికను వైద్యులు 1959లో వివరించారు. ఇప్పుడు రేడియో ఏరియలు లాగా ఒకదానిలోనుంచి ఒకటి సాగే కడ్డీలు వచ్చాయి. పిల్ల పెరుగుతూ ఉంటే కడ్డీ కూడా పొడుగవుతుంది.

చిట్టి తండ్రి మాదాపూరులో ఆఫీసు కారు నడుపుతాడు. రాత్రి డ్యూటీ. తల్లి మెల్లిగా వచ్చి, "సారూ, కోత కంటె నాకు మత్తంటేనే భయమైతున్నది. పోయినసారి చిన్న ఆపరేషన్‌కు మత్తిస్తే పిల్లకు ఒళ్ళంతా కాలిపోయింది. రేపు మత్తు డాక్టరు చూస్తదట. మీరు వచ్చి జర అడగుతరా?" అన్నది. నేను ఒక తెల్లకాగితం తీసుకుని పదిహేను ప్రశ్నలు రాసుకున్నాను. హెడ్మాస్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది?

ఆ డాక్టరు నలభై ఏళ్ళ ఆవిడ. మాతో మాట్లాడక ముందే చిట్టితో మాట్లాడింది. నోరు తెరిపించి ఏ పళ్ళు కదులుతున్నాయో చూసింది. ఎంత దూరం మెడ తిప్పగలవో నువ్వే తిప్పి చూపించమన్నది గాని, తాను తిప్పలేదు. వీపు ఎంత వంగిందో చూసి, గట్టిగా ఊదమన్నది. వెన్ను వంగితే ఊపిరితిత్తులకు చోటు తగ్గుతుందట. దెబ్బ తగిలితే త్వరగా కమిలిపోతుందా, చిగుళ్ళనుంచి రక్తం కారుతుందా అని అడిగింది. ఈ జబ్బులో రక్తం త్వరగా గడ్డకట్టకపోవటం కూడా ఉన్నది. అప్పుడు నావైపు తిరిగి, "ఇక మీరు అడగండి మాస్టారూ" అన్నది.

"ఏ మత్తుమందు మంచిదమ్మా?" అన్నాను.

"ఇదొక్కటే మంచిది అని చెప్పటానికి లేదండీ. ఏవి వద్దో చెప్పటం తేలిక. అక్కడినుంచి మొదలు పెడదాం" అన్నది ఆవిడ.

మామూలుగా మనిషికి మత్తిచ్చి గొంతులో గొట్టం వేసేటప్పుడు కండరాలు సడలటానికి సక్సామెథోనియం అనే మందు వాడటం ఉన్నది. అది ఒక నిమిషంలోనే పనిచేస్తుంది. కాని కండరాలు సడలే ముందు ఒళ్ళంతా గగుర్పొడిచినట్టు ఒక్కసారి అదురుతాయి. మీకూ నాకూ ఆ అదురువల్ల మహా అయితే మర్నాడు ఒళ్ళు నొప్పులు వస్తాయి. చిట్టికయితే ఎముకలు విరగవచ్చు! అందుచేత ఆ మందు పక్కన పెట్టారు. ఆ అదురు లేకుండా కండరాలను సడలించే మందులు వేరే ఉన్నాయి.

రెండోది వేడి. ఈ జబ్బున్న పిల్లలకు మత్తులో ఉండగా ఒళ్ళు వేడెక్కటం, చెమట పట్టటం తరచు జరుగుతుంది. వేరే ఒక భయంకరమైన జబ్బు ఉన్నది. అది ఉన్నవాళ్ళకు కొన్ని మత్తు వాయువులూ, ఇందాక చెప్పిన సక్సామెథోనియమూ సోకితే జ్వరం మంటలాగా ఎగసి ప్రాణం మీదికి వస్తుంది. చిట్టి లాంటివాళ్ళకు వచ్చే వేడి కూడా అదేనేమో అని ఒకప్పుడు వైద్యులు భయపడ్డారు. రెండూ ఒకటి కావని ఇప్పుడు చాలామంది అభిప్రాయం. "అయినా పోయినసారి వేడెక్కింది కదా. నేను వాయువులు వాడను. మొదటినుంచి చివరిదాకా నరం ద్వారానే మందు ఇస్తాను" అని డాక్టరు చెప్పింది. ఆ మందు పేరు ప్రోపొఫాల్. పాలలాగా తెల్లగా ఉంటుంది. నీళ్ళలో కరగదు కాబట్టి సోయా నూనెలో కలిపి, గుడ్డు సొనలోని ఒక పదార్థంతో చిలికి తయారుచేస్తారు. చెమట పట్టనివ్వని అట్రొపిన్ లాంటి మందులు కూడా వీలయినంత వరకు వద్దన్నది. చెమట ఆగితే వేడి పోయే దారి మూసుకుపోతుంది కదా!

మూడోది మెడ. గొట్టం వేయటానికి మామూలుగా తలను వెనక్కు వంచుతారు. ఈవిడ వంచదు. కొసన బుల్లి కెమేరా ఉన్న పనిముట్టు నోట్లో పెట్టి, తెరమీద చూస్తూ వేస్తుంది. దవడను కూడా గట్టిగా పట్టరు.

నాలుగోది విని నేను ఆశ్చర్యపోయాను. బి.పి. చూసే పట్టీ! అది ఉబ్బి చేతిని బిగించి పట్టుకుంటుంది కదా, ఆ బిగింపుకే ఇట్లాంటి పిల్లలకు చెయ్యి విరగవచ్చునట. కాబట్టి పట్టీ కింద మెత్తని దూది చుట్టి, మాటిమాటికీ బిగించకుండా చూస్తారు. లేదా మణికట్టు దగ్గర ధమనిలో సన్నని గొట్టం పెట్టి, పట్టీ లేకుండానే చూస్తారు. పెద్ద ఆపరేషను కాబట్టి చిట్టికి ఈ రెండో పద్ధతి అనుకున్నారు.

"నడుముకు సూదివేసి కాళ్ళు మాత్రమే మొద్దుబారేట్టు చేయరాదా? మత్తే అక్కరలేదు కదా?" అని చిట్టి తండ్రి అడిగాడు. మంచి ప్రశ్న. కొందరికి అట్లాగే చేస్తారట. కాని వెన్ను వంగినవాళ్ళకు సూది సరైన చోట పడటం కష్టం, మందు ఎంత దూరం పాకుతుందో చెప్పటమూ కష్టం. పైగా తొమ్మిదేళ్ళ పిల్ల మెలకువగా అన్ని గంటలు కదలకుండా ఉండగలదా? అందుకని నిద్రమత్తు ఇచ్చి, ఆ పైన గజ్జ దగ్గర ఉన్న నరాన్ని శబ్దతరంగాల యంత్రంతో కనిపెట్టి, దాని పక్కన నొప్పి తెలియని మందు వేయాలని నిర్ణయించారు. అట్లా చేస్తే నిద్రమందు తక్కువ సరిపోతుంది, లేచిన తరవాత కూడా కొన్ని గంటలు నొప్పి తెలియదు.

నా పదిహేను ప్రశ్నల్లో పధ్నాలుగు అయినవి. చివరిది అడగటానికి నోరు రాలేదు. చివరకు, "పిల్లను బల్లమీదికి ఎవరు ఎత్తుతారమ్మా?" అన్నాను.

డాక్టరు కలం కింద పెట్టి నాకేసి చూసింది. "ఈ ప్రశ్న ఎవరూ అడగరు. మీకెట్లా తోచింది?" అన్నది. నేను 1985 నాటి సంగతి చెప్పాను. అది ఎవరితోనూ చెప్పటం అదే మొదటిసారి. ఆవిడ ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. చిట్టి కాగితాల కట్ట తీసి, పై అట్టమీద ఎర్ర సిరాతో పెద్ద అక్షరాలు రాసింది: "చెయ్యి పట్టి లాగరాదు. చంకలో చేతులు వేసి ఎత్తరాదు. దుప్పటితో, నలుగురు." అక్కడ పనిచేసే ఆయాలకు కూడా అర్థం కావాలని తెలుగులోనే రాసింది.

ఆపరేషను రోజున బయట బెంచీ మీద చిట్టి నాయనమ్మా, చిట్టి అన్నా, నేనూ కూర్చున్నాము. ముసలావిడ గంటసేపు మాట్లాడలేదు. కుర్రవాడు గోళ్ళు కొరుకుతున్నాడు. వాడికి ఏదైనా చెప్పాలని, మన హైదరాబాదు కథ ఎత్తుకున్నాను.

1846 అక్టోబరులో అమెరికాలోని బోస్టనులో మోర్టన్ అనే పళ్ళ డాక్టరు ఈథరుతో నొప్పి తెలియకుండా ఆపరేషను చేయించి చూపించాడు. (హైదరాబాదులో వైద్య పాఠశాల పుట్టినది కూడా ఆ ఏడే. దాని వారసత్వమే నేటి ఉస్మానియా వైద్య కళాశాల.) మరుసటి ఏడు ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫారం వాడాడు. అంతలో 1848 జనవరిలో ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్ల, కాలిగోరు తీయించుకోవటానికి క్లోరోఫారం పీల్చి చనిపోయింది. ఎందుకు చనిపోయింది? గుండె ఆగిందా? ఊపిరి ఆగిందా? దీనిమీద నలభై ఏళ్ళు వైద్యులు తగవులాడుకున్నారు.

ఆ తగవు తీర్చటానికి పూనుకున్నది మన ఊరే. ఇక్కడ రెసిడెన్సీ సర్జనుగా ఉన్న ఎడ్వర్డ్ లారీ, ముందు ఊపిరే ఆగుతుంది, కాబట్టి ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలునని వాదించాడు. ఆరో నిజాము మహబూబ్ అలీఖాను డబ్బిచ్చాడు. 1888లో ఒకసారి, 1889లో మరొకసారి క్లోరోఫారం కమిషను ఇక్కడ కూర్చుని వందలకొద్దీ జంతువుల మీద పరీక్షలు చేసింది. మొదటిసారి ఫలితాలను లండను పత్రిక లాన్సెట్ నమ్మలేదు. "అయితే మీ మనిషినే పంపండి, ఖర్చు నాది" అని నిజాము వెయ్యి పౌన్లు ఇవ్వజూపాడు. లాడర్ బ్రంటన్ అనే పేరుమోసిన వైద్యుడు ఓడలో వచ్చాడు. రెండోసారి కూడా ఊపిరే ముందన్నారు.

"మరి అదే నిజమా తాతా?" అన్నాడు కుర్రవాడు.

సగమే నిజం. క్లోరోఫారం కొందరిలో గుండెను ఉన్నట్టుండి ఆపగలదని 1911లో లెవీ అనే శాస్త్రజ్ఞుడు పిల్లులమీద పరీక్షించి చూపించాడు. లారీ తప్పు పట్టుదల. కాని ఊపిరి మీదనుంచి కన్ను తీయవద్దన్న మాట మాత్రం ఇవాళ్టికీ చెల్లుతుంది. ఇప్పుడు రెండింటినీ చూస్తారు. జపానులో అవోయాగి అనే ఇంజనీరు 1974లో కనిపెట్టిన సూత్రంతో వేలికి చిన్న క్లిప్పు పెడతారు. అది ఎర్రని వెలుగుతో రక్తంలో ప్రాణవాయువు ఎంత ఉన్నదో చెబుతుంది. చేతిని బిగించదు, కాబట్టి చిట్టికి దానివల్ల ప్రమాదం లేదు.

ఆ రోజుల్లోనే రూపాబాయి ఫర్దూన్జీ అనే పారశీ యువతి ఇక్కడి వైద్య పాఠశాలలో చదివి, రోగులకు క్లోరోఫారం ఇచ్చే పనిలో ఆరితేరింది. 1909లో పైచదువుకు ఎడింబరో వెళ్ళింది. ప్రపంచంలో మొదటి మహిళా మత్తువైద్యురాలు ఆమేనంటారు.

"గా డాక్టరమ్మ కూడా ఆడామెనే గద" అన్నది నాయనమ్మ, అంతసేపటికి మొదటిసారి నోరు విప్పి.

నాలుగు గంటల తరవాత తలుపు తెరుచుకున్నది. నలుగురు మనుషులు, నాలుగు మూలలా దుప్పటి పట్టుకుని, ఒక్క అడుగు వేసినట్టుగా అందరూ కలిసి అడుగు వేస్తూ చిట్టిని మంచంమీదికి చేర్చారు. మధ్యలో ఒంటి వేడి కొంచెం పెరిగిందట. కప్పిన గుడ్డలు తీసి, చల్లని సెలైను ఎక్కించగానే దిగిందట. కొత్తగా ఎక్కడా ఏ ఎముకా విరగలేదు. చిట్టి కళ్ళు తెరిచి, చాలాసేపు పైకప్పు చూసి, "టైమెంత?" అన్నది. చెప్పాము. "అయ్యో, ఇవాళ్టి పేజీ అంతా ఖాళీ" అన్నది.

ఆ తరవాత నేను ఊరుకోలేకపోయాను. మెదకు జిల్లా నాటి శిష్యుల్లో ఇద్దరు ముగ్గురికి ఫోను చేసి వాకబు చేశాను. నెలరోజులకు జాడ తెలిసింది. ఆ కుర్రవాడు, కుర్రవాడేమిటి, యాభై దాటిన మనిషి, జహీరాబాదులో బట్టలు కుడుతున్నాడు. ఫోనులో నా పేరు చెప్పగానే, "నమస్తే సార్, డ్రిల్లు సార్ గద!" అన్నాడు. నేను చెప్పదలచుకున్నది సగంలోనే ఆపి, "అదంతా ఎప్పటిదో సార్. చెయ్యి మంచిగనే ఉన్నది, మిషను తొక్కుతున్న" అన్నాడు. తరవాత కొంచెం ఆగి, తన కూతురికి పన్నెండేళ్ళనీ, దానివి కూడా తనవంటి కళ్ళేననీ, పోయిన దసరాకు మోచెయ్యి విరిగితే అతుక్కోలేదనీ, ఇప్పుడు ఆపరేషను చేయాలంటున్నారనీ చెప్పాడు. ఈ జబ్బు తండ్రికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం వచ్చే అవకాశం ఉన్నది. అతనికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. జబ్బు పేరు కూడా చెప్పలేదు.

నేను ఆ పేరు ఫోనులో మూడుసార్లు చెప్పి రాసుకోమన్నాను. ఆపరేషను ఎక్కడ చేయించినా ముందు మత్తు డాక్టరుకు ఆ కాగితం చూపించమన్నాను. అతను, "మీకు తెలిసిన డాక్టరమ్మ దగ్గరికే తీసుకొస్త సార్" అన్నాడు.

వచ్చే సోమవారం తండ్రీ కూతురూ జహీరాబాదు బస్సులో వస్తున్నారు. చందానగరులో మెయిన్ రోడ్డు మీదనే దిగమన్నాను. బస్సులో జనం తోసుకుంటారు కాబట్టి అందరూ దిగిన తరవాతే దిగమన్నాను. చిట్టి ఆ పిల్లకు చూపించటానికి తన రైళ్ళ నోటు పుస్తకానికి కొత్త అట్ట వేయిస్తున్నది.